అటక మీద అద్దెకున్న న్యూట్రినో

ఆ స్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు ‘ఇంతేగా మాస్టారు’. ఎంత కొరుకుడుపడని పాఠమైనా సరే, చెప్పడం అయిపోగానే సుద్దముక్క జేబులో పడేసుకుని, రెండు చేతులూ దులుపుకుని, “ఇంతేగా” అనేవాడు. ఆ మాట చెవిన పడగానే పిల్లలకు నిజంగానే ఇంతేగా అనిపించేది. లెక్కలంటే జ్వరం తెచ్చుకునేవాళ్ళు కూడా ఆయన క్లాసులో వెనక బెంచీల నుంచి ముందుకు జరిగి కూర్చునేవాళ్ళు. కరెంటును పైపులో నీళ్ళతో పోల్చేవాడు, కాంతిని గోడకు కొట్టిన బంతితో పోల్చేవాడు. పోలిక దొరికితే చాలు, పాఠం సగం చెప్పేసినట్టే.

ఒక్క మాట మాత్రం ఆయన నోట రాదు. ‘తెలీదు’ అన్న మాట. అదేమీ పుట్టుకతో వచ్చిన పొగరు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రాడు లేచి, గాజులోంచి వెలుతురు పోతుంది కదా, గోడలోంచి ఎందుకు పోదని అడిగాడు. మాస్టారు దాచుకోకుండా, నాకు తెలీదు, రేపు చదువుకొచ్చి చెప్తానన్నాడు. మర్నాడు చెప్పాడు కూడా. కానీ అప్పటికే ఆయన ‘రేపు మాస్టారు’ అయిపోయాడు. మెట్ల మీద ఎదురైతే రేపు, సైకిల్ తాళం తీస్తుంటే కిటికీలోంచి రేపు. వేరే స్కూలుకు బదిలీ అయ్యేదాకా ఆ పేరు జలగలా పట్టుకుని వదల్లేదు. కొత్త స్కూలు గేటు దాటుతూనే ఆయన మనసులో ఒట్టు పెట్టుకున్నాడు, ఇక ఈ నోటితో తెలీదని అనకూడదని. ఆ ఒట్టు పాతికేళ్ళ పైచిలుకు నిలబెట్టుకున్నాడు. చాలాసార్లు నిజంగానే తెలుసు, రాత్రింబవళ్ళు చదివిన మనిషి. తెలియని చోట మాత్రం అడిగినవాణ్ణే తిరిగి అడిగేవాడు, లేదా గంట కొట్టేదాకా మాట సాగదీసేవాడు.

స్కూలుకు రెండు వీధుల అవతల ఒక మేడ మీద వాటాలో ఆయన కాపురం. ముందు గదిలో భార్య కుట్టుమిషన్. ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టేది కనక ఇంట్లో ఎక్కడ కాలు పెట్టినా నీలం గుడ్డ పీలికలే. ఆవిడ మాట కూడా చేతిలో కత్తెరలాంటిదే, ఊరికే ఆడదు, ఆడితే తెగుతుంది. వాళ్ళకు పిల్లల్లేరు. ఆవిడ చెల్లెలి కూతురు వాళ్ళ దగ్గర ఉండి చదువుకునేది. ఆ పిల్ల తండ్రి పెద్ద క్రేన్లు నడిపేవాడు. ఈ ఏడు ఆనకట్ట దగ్గర, పై ఏడు వంతెన దగ్గర, పని ఎక్కడుంటే అక్కడికి భార్యను వెంటబెట్టుకుని పోయేవాడు. స్కూళ్ళు మార్చీ మార్చీ పిల్ల చదువు చట్టుబండలవుతోందని పెద్దమ్మ తెచ్చి తన దగ్గర పెట్టుకుంది.

ఇంట్లో ఆ పిల్లను పిచ్చుక అనేవాళ్ళు. తినేది పిచ్చుకంత, అడిగేది ఏనుగంత. హైస్కూలుకొచ్చాక పెదనాన్న క్లాసులోనే పడింది. అందుకని ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. గేటు లోపల ‘సార్’, గేటు బయట ‘పెదనాన్న’. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు ఆ పిల్ల ఒక కాలు గేటుకు ఇటూ ఒక కాలు అటూ వేసి నిలబడి, ఇప్పుడేమని పిలవాలని నవ్వేది. వీధి పొడుగునా ప్రశ్నలే. ఆకాశం, చీమలు, తుప్పు, ఏదో ఒకటి. ఆయనకు ఆ నడక రోజుకంతటికీ ఇష్టమైన సమయం. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, తనక్కూడా అప్పట్లో తెలియదు.

ఒకసారి సెలవులకు పిచ్చుక అమ్మానాన్నలు వచ్చారు. తోడల్లుడికి మాస్టారంటే గురి. తను చదువుకోలేదన్న వెలితి ఉన్న మనిషి, మా అన్నయ్య ఇంతటివాడని పనిచేసే చోటల్లా చెప్పుకునేవాడు. అందరూ భోజనాలకు కూర్చున్నారు. అప్పుడు పిచ్చుక, ఏదో పత్రికలో కంటబడిన మాటట, నోట్లో ముద్ద అటూ ఇటూ చేస్తూ అడిగింది.

“పెదనాన్నా, న్యూట్రినో అంటే ఏంటి? న్యూట్రాన్ పిల్లా?”

మాస్టారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆ మాట కాలేజీ రోజుల్లో విన్నట్టు గుర్తు. పుస్తకం చివరి అధ్యాయంలో ఎక్కడో ఉండేది. పరీక్షకు రాదని ఎవరూ అటు పోలేదు, ఆయనా పోలేదు. ఆలోచించుకునేలోపే తోడల్లుడు అందుకున్నాడు. “అడుగు తల్లీ, అడుగు. మీ పెదనాన్నకు తెలీనిదేముంది?” అందరి ముఖాలూ ఆయన వైపు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఆయనకొక పోలిక దొరికింది. దొరక్కపోయి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. పరమాణువు ఒక మేడ అనుకోండి, అన్నాడు. మేడ మధ్యలో కేంద్రకమనే గది. ఆ గదిలో రెండు కుటుంబాలు, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ. ఎలక్ట్రాన్లు వరండాలో తిరిగే కుర్రకారు. న్యూట్రినో అంటే న్యూట్రాన్లో ఒక చిన్న ముక్క. దానికి విద్యుత్తు ఆవేశం లేదు, ఎవరితోనూ పేచీ లేదు. అందుకని అటక మీద అద్దెకుండే బక్కమనిషిలా ఆ గది పైన చప్పుడు చెయ్యకుండా పడుంటుంది. కిందవాళ్ళకు అతనున్నాడనే తెలీదు. “ఇంతేగా,” అన్నాడు చివర్లో, చేతికి సుద్ద లేకపోయినా దులుపుకుంటూ.

తోడల్లుడు పగలబడి నవ్వాడు. చదువంటే ఇలా ఉండాలన్నాడు. పిచ్చుక కళ్ళు దీపాల్లా వెలిగాయి.

నోటి నుంచి జారిన మాట అక్కడితో ఆగితే బాగుండేది. సెలవులయ్యాక, స్కూళ్ళన్నిటికీ కలిపి సైన్సు ఉపన్యాసాల పోటీ పెడుతున్నారని తెలిసింది. పిచ్చుక వేరే విషయం తలపెట్టనే లేదు. అట్టపెట్టెతో మేడ కట్టింది. ప్రోటాన్లకు ఎర్ర పూసలు, న్యూట్రాన్లకు తెల్లవి. అటక మీద ఒక ఆవగింజ. అటక కిటికీకి పెద్దమ్మ నీలం గుడ్డతో గోరంత తెర కుట్టి పెట్టింది. స్కూలు పోటీలో ఆ పిల్లే మొదటిది. ఇక మిగిలింది కాలేజీ హాల్లో జరిగే పెద్ద పోటీ.

దానికి కొన్నాళ్ళ ముందు మాస్టారు పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, డాక్టరు పిలిచేదాకా బల్ల మీద పాత పత్రిక తిరగేస్తుంటే ఒక వాక్యం కంటబడింది. సూర్యుడి నుంచి న్యూట్రినోలు నిరంతరం భూమి మీదికి వస్తూనే ఉంటాయని. ఆయన గుండె ఒక్కసారి జారింది. అటక మీది అద్దెమనిషి సూర్యుడి నుంచి ఎందుకొస్తాడు? ఆ పక్క వాక్యం చదివితే తెలిసిపోయేది. ఆయన చదవలేదు. పత్రిక మూసి, అన్నిటికంటే కిందికి తోసేశాడు. ఇదేదో వేరే రకమై ఉంటుంది, పిల్లల పోటీలో అంత లోతు ఎవరు చూస్తారని సర్దిచెప్పుకున్నాడు. నొప్పి పంటిదే అనుకున్నాడు.

పోటీ రోజు హాలు నిండిపోయింది. పిచ్చుక అదరలేదు, బెదరలేదు. మేడ తలుపు తెరిచి ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ, అటక తెర తొలగించి ఆవగింజను చూపించేసరికి వెనక వరుసల్లో కూడా జనం మెడలు చాచారు. జడ్జిగా వచ్చినావిడ ఆ కాలేజీ లెక్చరరు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. కొన్నేళ్ళు భూమి అడుగున, ఒక పరిశోధనశాలలో న్యూట్రినోల కోసమే కాపలా కాసి వచ్చిన మనిషని మాస్టారికి అప్పటికి తెలియదు. ఆవిడ వెక్కిరింపుగా కాదు, ముద్దుగానే అడిగింది.

“చాలా బాగా చెప్పావమ్మా. మరి సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు ఎవరి అటక మీద ఉంటాయి?”

ముందు ఎవరో ఒక టీచరు నవ్వాడు. తర్వాత నవ్వు వరుసల వెంట పాకింది. పిచ్చుక జవాబు కోసం మూడో వరుసలో కూర్చున్న పెదనాన్న వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. చెప్పండి పెదనాన్నా, మీకు తెలుసుగా అన్న నమ్మకమే ఉంది. మాస్టారు బూటు లేసు కట్టుకుంటున్నట్టు గభాలున కిందికి వంగాడు. ఆయన వేసుకున్నవి చెప్పులు. లేసులేవీ లేని ఆ చెప్పుల పట్టీ పట్టుకుని, నెత్తురు తలలోకి దిగుతుంటే, పైన ఆ పిల్ల గొంతు విన్నాడు. “తెలీదు మేడమ్. నేనే తప్పుగా అర్థం చేసుకున్నట్టున్నాను.”

పాతికేళ్ళుగా ఆయన అనలేని మాటను ఆ పిల్ల అంతమంది ముందు ఆయన కోసం అనేసింది.

అప్పటికైనా అడుసు కడుక్కోవడానికి దారుంది. అంతా అయ్యాక నడవాలో లెక్చరరు ఆయన్ను గుర్తుపట్టి పలకరించింది. మీ స్కూలు అమ్మాయే కదా, చురుకైన బుర్ర, ఎవరో తప్పు చెప్పినట్టున్నారు, మనసు విరక్కుండా కాస్త సరిదిద్దండి అంది. మాస్టారి నోరు తనంతట తనే తెరుచుకుంది.

“ఈ కాలం పిల్లలు కదండీ. ఫోన్లో ఏదో చూసి సొంతంగా అల్లేస్తారు. నాకైతే చూపించనే లేదు.”

ఆ ఆఖరి ముక్క అసలు అవసరం లేదు. అనేశాక తనకే వింతగా తోచింది. పక్కకు తిరిగితే, మేడను రెండు చేతులా పొట్టకు ఆనించి పట్టుకుని పిచ్చుక అక్కడే నిలబడి ఉంది. విన్నట్టు ముఖంలో ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే ఆయనకు తల తీసి మొలేసినట్టయింది.

బస్సులో ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. ఒడిలో అట్టమేడ. దారి పొడుగునా ఒక్క ప్రశ్నా అడగలేదు. ఇంటికి రాగానే పెద్దమ్మ ఎలా జరిగిందంటే, బాగా జరగలేదు, నేనే తప్పు చదివానంది. తర్వాత కాళ్ళు కడుక్కుని వచ్చి, ఎప్పటిలాగే మెల్లగా, “సార్, లోపలి గది తాళం మీ దగ్గరుందా?” అని అడిగింది.

ఇంట్లో సార్. ఆయన తాళం ఇచ్చాడు.

స్కూల్లో సంగతి ఇంకోలా ఉంది. పిల్లలకు కొత్త పేరు దొరికింది, ‘అటక’. అటకొచ్చింది, అటకెళ్ళింది. ఒక గడుగ్గాయి ఏకంగా, మన స్కూలు సైన్సు అటకెక్కిందని బోర్డు మీద రాసిపెట్టాడు. మాస్టారు క్లాసులోకి వచ్చి అది చూశాడు. డస్టరు తీసి తుడిచాడు. ఇప్పుడు చెప్తాను, ఇప్పుడే తిరిగి చెప్తాను అనుకుంటూ తుడిచాడు. తిరిగి, పుస్తకం తీయండన్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు మరీ అన్యాయంగా, ఉన్నట్టుండి పరీక్ష పెట్టేశాడు. రేపు మాస్టారని పిలిపించుకున్న రోజులు ఆయనకు బాగా గుర్తే. ఒక పేరు పిల్లల నోళ్ళలో పడితే ఎంత బరువుంటుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెలిసి కూడా కుక్కిన పేనులా ఊరుకున్నాడు.

భార్య గమనించకపోలేదు. ఇంట్లో ఈ సార్ ఏమిటే అని పిల్లను అడిగితే, అలవాటైపోయింది పెద్దమ్మా అంది. ఆవిడ భర్త ముఖంలోకి ఒకసారి చూసి ఊరుకుంది. ఒక ఆదివారం ఆయన ఆవిడ పక్కన కూర్చుని, కుట్టేసిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించి పెడుతూ, మొత్తం చెప్పేశాడు. పత్రిక సంగతి, చెప్పుల సంగతి, నడవాలో అన్న మాట. మిషన్ ఆగిపోయింది.

“తెలీదంటే ఏమయ్యేదండీ? కంచంలో కూర తీసేసేదాన్నా?” అంది ఆవిడ. గుడ్డ సూది కిందికి జరుపుకుంటూ, తల ఎత్తకుండానే, “నాకు చెప్పి బరువు దించుకోకండి. దించాల్సిన చోటు ఇది కాదు,” అంది.

మాస్టారు ముందుగా, తెలియనిది తెలుసుకుందామని బయల్దేరాడు. అది సులువైన పని కనక. కాలేజీకి వెళ్ళి లెక్చరరును కలిశాడు. మా అమ్మాయికి సరిగ్గా చెప్పాలనుంది, ముందు నాకు చెప్పండి అన్నాడు. ఆవిడ మురిసిపోయింది. శిష్యురాలి తప్పు దిద్దడానికి ఇంత దూరం వచ్చిన మాస్టార్ని తనింతవరకూ చూడలేదంది. ఆయన తేలు కుట్టిన దొంగలా ఆ మెప్పును తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆవిడ టీ తెప్పించింది, కాగితాల మీద బొమ్మలు గీసింది. ఆయన మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ టీ తాగాడు. విన్నకొద్దీ తను చెప్పింది ఎంత తప్పో అంతకంతకూ తేటతెల్లమైంది. ఒక్క ముక్కైనా నిజం కాదు. పోలిక ఎంత అందంగా కుదిరితే అబద్ధం అంత గట్టిగా నిలబడుతుందని ఆయనకు ఆ కుర్చీలో కూర్చునే తెలిసొచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ అసలు మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఆవిడ గౌరవంగా లేచి గుమ్మందాకా వచ్చి సాగనంపేది. మాట వెనక్కి పోయేది.

చివరికి ఒకరోజు పొద్దున ప్రార్థన అయ్యాక, హెడ్మాస్టరు ప్రకటనలు చదివేశాక, మాస్టారు అడగకుండానే ముందుకు వెళ్ళి మైకు అందుకున్నాడు. ఆ అమ్మాయికి తప్పు చెప్పింది నేను, తెలియక చెప్పాను, తెలియదని ఒప్పుకోలేక చెప్పాను, నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి అన్నాడు. అనడానికి అట్టే సేపు పట్టలేదు. తర్వాత హెడ్మాస్టరు తన గదిలోకి పిలిచి, ఇంటి గుట్టు వీధిలో పెట్టినట్టు ఇదేం పని, స్కూలు పరువేం కాను అని చీవాట్లు పెట్టాడు. ఆయనకు అవి తగల్లేదు. గుండెల మీంచి బండ దిగినట్టుంది. అటకన్న పేరు ఆ వారంలోనే పిల్ల మీంచి ఆయన మీదికి మారింది కూడా. అదీ న్యాయమే అనుకున్నాడు. సాయంత్రం దాదాపు ఉత్సాహంగా ఇంటికి నడిచాడు.

మేడ మెట్ల మీద పిచ్చుక కూర్చుని ఉంది. అలా కోపంగా ఉండగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

“అందరి ముందూ చెప్పమని నేనడిగానా? ఇప్పుడు అందరూ నన్ను చూసి పాపం అంటున్నారు. అటక అన్నప్పుడే నయం.”

“నీ మీద పడ్డ నింద తీసేద్దామని...” అంటూ ఆయన మొదలెట్టాడు.

“మీకు బాగుంటుందని చెప్పారు,” అంది ఆ పిల్ల. “నేను పోటీలో ఓడిపోయినందుకు ఏడవలేదు. మీరు ఫోన్లో చూసిందని చెప్పినందుకు ఏడ్చాను. ఆ మేడమ్‌కి చెప్పారా?”

ఆ మేడమ్ దగ్గర ఆయన ఎన్ని కప్పుల టీ తాగాడో ఆ పిల్లకు తెలియదు. ఆయనకు తెలుసు. నేల చీలితే బాగుండుననిపించింది. మెట్ల మీద ఎక్కడా చీలలేదు. “లేదు,” అన్నాడు.

పిచ్చుక లేచి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం ఇద్దరూ కలిసి కాలేజీకి వెళ్ళారు. రమ్మంటే వస్తుందని ఆయన అనుకోలేదు, కానీ ఆ పిల్ల అడగ్గానే చెప్పులేసుకుంది. లెక్చరరు గదిలో ఒక ఇనప బీరువా, కాగితాల గుట్టలు, కిటికీ పక్కన బల్ల మీద గుమ్మడికాయంత గాజు బుడగ ఒకటి. మాస్టారు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఆ తప్పు చెప్పింది నేను, అడిగినప్పుడు ఈ పిల్ల మీదికి తోసేసింది నేను, ఇన్నిసార్లు వచ్చి మీ మెప్పు కాజేసింది కూడా నేనే అన్నాడు. మైకు ముందు వరసగా వచ్చిన మాటలు ఈ ఇద్దరాడవాళ్ళ ముందు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. లెక్చరరు ముఖంలో ఏదో మారింది. ఆయన భయపడినట్టు అది కోపం కాదు. చిన్నబోవడం. అదింకా కష్టంగా ఉంది. ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, కుర్చీ చూపించింది.

“సరే మాస్టారూ. ఆమెకు ఇప్పుడు సరిగ్గా చెప్పండి. మీరే చెప్పాలి. నేను వింటాను.”

పోలిక కోసం మనసు పరిగెత్తబోతే ఆయన పట్టి ఆపాడు. “పరమాణువు మధ్యలో కేంద్రకం. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు. చుట్టూ ఎలక్ట్రాన్లు. న్యూట్రినో వీటిలో ఎక్కడా లేదు. ముక్క కాదు, పిల్ల కాదు. నా మొదటి తప్పు అదే.” పిచ్చుక చేతులు కట్టుకుని వింటోంది. కొన్ని రకాల పరమాణువుల్లో న్యూట్రాన్ నిలకడగా ఉండలేక ప్రోటాన్‌గా మారిపోతుందనీ, అప్పుడొక ఎలక్ట్రాన్ బయటికి దూసుకొస్తుందనీ, దాని వెంట ఇదీ వస్తుందనీ చెప్పాడు. లెక్చరరు మధ్యలో అందుకుని, నిక్కచ్చిగా అంటే అక్కడ వచ్చేది దాని జోడు, యాంటీన్యూట్రినో అంటారు అంది. ఆయన తలూపాడు.

“లోపల లేనిది బయటికెలా వస్తుంది?” అంది పిచ్చుక. చాలా రోజుల తర్వాత అడిగిన మొదటి ప్రశ్న. అయినా ఆయన ముఖంలోకి చూసి అడగలేదు.

మాస్టారు ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. “ఈ చప్పుడు ఇంతసేపూ నా చేతుల్లో ఎక్కడ దాక్కుంది?”

ఆ పిల్ల ఆయన అరచేతుల వైపు చూసింది. “ఎక్కడా లేదు. కొట్టినప్పుడే పుట్టింది.”

“అదీ అలాగే. ఆ క్షణంలో పుడుతుంది.” ఇంతేగా అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. “కానీ ఈ పోలిక ఇక్కడిదాకానే. చప్పుడంటే గాలి కదలడం. ఇది అలా కాదు, ఇది కణం. ఇంకా ముందుకు లాగితే మళ్ళీ తప్పవుతుంది.”

కంటికి కనబడనిదాన్ని ఎలా కనిపెట్టారని ఆ పిల్ల అడిగింది. పెద్దమ్మ గుడ్డ కత్తిరించాక ముక్కలన్నీ కలిపి చూస్తే మొత్తం గుడ్డకు సరిపోవాలి కదా అన్నాడాయన. ఇక్కడ శక్తిని కొలిచి చూస్తే ప్రతిసారీ తగ్గింది, అదీ ఒకసారి కొంచెం, ఒకసారి ఎక్కువ. శక్తి గాల్లో కలిసిపోదు. అంటే ఎవరో కంటబడకుండా పట్టుకుపోతున్నారన్నమాట. అలా పట్టుబడిన దొంగ అది. సూర్యుడిలో కూడా పుడతాయి, నీ గోరంత చోటులోంచి ఈ ఒక్క సెకనులో వేల కోట్లు దూరిపోయాయి అంటే, పిచ్చుక తన బొటనవేలి గోరును దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. మరి రాత్రిళ్ళో అంది. రాత్రిళ్ళు భూమిలోంచి దూరి, కాళ్ళ కింది నుంచి పైకి వస్తాయని చెప్పాడు. వాటికి కొండలూ మనమూ ఒకటే, దేన్నీ తాకకుండా పోతాయి. లెక్చరరు లేచి గాజు బుడగను తెచ్చి ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. భూమి అడుగున చెరువంత నీళ్ళతొట్టి కట్టి, గోడల నిండా ఇలాంటి కళ్ళు బిగించి, చీకట్లో కూర్చునేవాళ్ళమంది. కోట్ల కోట్లలో ఏ ఒక్కటో నీటిలో దేన్నో గుద్దుకుంటుంది, అప్పుడు సన్నటి నీలం వెలుగు ఒకటి మెరిసి మాయమవుతుంది, దానికోసమే.

“దాని బరువెంత?” అని పిచ్చుక ఆయన్నే అడిగింది.

ఆయన లెక్చరరు వైపు చూడబోయి మానుకున్నాడు. చెవులు వేడెక్కాయి. “నాకు తెలీదు,” అన్నాడు.

“నాకూ తెలీదు,” అంది లెక్చరరు. “ఎవరికీ ఇంకా సరిగ్గా తెలీదు. ఉందని తెలుసు, అతి తక్కువని తెలుసు. అంతవరకే.”

పిచ్చుక ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పెద్దవాళ్ళిద్దరు వరసగా తెలీదనడం ఎన్నడూ విననట్టు, ఆ ముఖంలో ఒక వింత సంతోషం కదిలింది. అది చూసి లెక్చరరు మనసు కూడా కాస్త మెత్తబడింది. ఒక మాట చెప్పుకుంటారంది. ఈ కణం ఉండి తీరాలని మొదట అన్న శాస్త్రవేత్త, ఎప్పటికీ ఎవరూ పట్టుకోలేనిదాన్ని ఉందన్నాను, ఎంత పని చేశానని స్నేహితుడి దగ్గర వాపోయాడట. పాతికేళ్ళ తర్వాత గానీ అది దొరకలేదు.

“కానీ ఆయన ఇది ఊహేనని ముందే చెప్పాడు కదా మేడమ్?” అంది పిచ్చుక.

“చెప్పాడు,” అంది ఆవిడ.

ఇద్దరిలో ఎవరూ మాస్టారి వైపు చూడలేదు. చూసినా అంత బాధ ఉండేది కాదు.

ఆ తర్వాత అన్నీ ఒక్కరోజులో సర్దుకోలేదు. పిచ్చుక ఆ గదికి తనంతట తనే వెళ్ళడం నేర్చుకుంది, గాజు బుడగ తుడిచే పని కూడా సంపాదించుకుంది. ఇంట్లో సార్ అనడం చాలాకాలం సాగింది. ఎప్పుడు మళ్ళీ పెదనాన్న అయ్యాడో ఆయన గమనించలేదు. గమనించేసరికి అప్పటికే కొన్ని రోజులైనట్టుంది. క్లాసులో తెలీదనడం ఆయనకు వచ్చింది గానీ అలవాటు మాత్రం కాలేదు. అన్న ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. పిల్లలు నవ్వేవాళ్ళు. కొందరు మర్నాడు తామే చదువుకొచ్చి ఆయనకు చెప్పేవాళ్ళు.

పెద్దయ్యాక పిచ్చుక ఫిజిక్స్ చదవలేదు. వంతెనలు కట్టే చదువు చదివింది. తండ్రి పని చేసిన చోట్ల మీద మమకారమని అందరూ అనుకున్నారు. మాస్టారు మాత్రం, ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఇంకోలా జరిగేదేమోనని లోపల్లోపల నలిగేవాడు. అడుగుదామని చాలాసార్లు అనుకున్నాడు. అడిగే ధైర్యం చాలలేదు.

ఆయన రిటైరైన రోజు స్కూలు వరండాలో చిన్న సభ పెట్టారు. పాత విద్యార్థుల తరఫున పిచ్చుకను మాట్లాడమన్నారు. ఆమె లేచి నిలబడగానే మాస్టారు కుర్చీలో ముందుకు జరిగాడు. ఏం చెప్తుందో అని భయం. ఆమె ఆయన తనకు సైకిల్ నేర్పిన సంగతి చెప్పింది. వెనక సీటు పట్టుకుని ఎండలో వీధంతా పరిగెత్తాడని, చెప్పు తెగితే ఒంటికాలి చెప్పుతోనే పరిగెత్తాడని, ఇంటికొచ్చాక పెద్దమ్మ తిట్టిందని. జనం నవ్వారు. న్యూట్రినో మాట ఎక్కడా రాలేదు.

ఆయనకు గుండె తేలికైంది. అలా తేలికైనందుకు వెంటనే సిగ్గేసింది, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పిల్లే నన్ను కాచింది కదా అని. పక్క కుర్చీలో ఉన్న భార్య ఆయన ముఖం చూసి, కళ్ళద్దాలు తుడుచుకోండి, మసకేశాయంది. అవి మసకేయలేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన తీసి తుడుచుకున్నాడు.